దూర ద్వీపాలకు ప్రయాణం – ఒక పెన్షనరు సన్నాహాలు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు గెలాపగోస్ దీవులకు వెళుతున్నారట కదా, ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. "వెళ్ళి వచ్చాక మాట్లాడతానండీ" అన్నాను. "వెళ్ళి వచ్చినవాళ్ళు ఫోటోలు చూపిస్తారు. వెళ్ళబోయేవాళ్ళయితే నలుగురికి పనికొచ్చే సంగతులు చెబుతారు" అన్నారు. ఆయన మాట నాకు నచ్చింది. అందువల్ల ఈ రోజు నేను చెప్పబోయేది యాత్రానుభవం కాదు. యాత్రకు ముందు తయారు చేసిన నోట్ ఫైలు మాత్రమే. ఆర్డరు ఇంకా రావలసి ఉంది.

నా గురించి తెలియనివారి కోసం ఒక్క మాట. నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం తపాల్ సెక్షన్‌లోనే గడిచింది. ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లే నా ప్రపంచం. ఇప్పుడు నాకు 74 ఏళ్ళు. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉంటున్నారు. వచ్చే మార్చి నెలాఖరున వాళ్ళతో, మనవడితో కలిసి మేమిద్దరం బయలుదేరాలని ఏర్పాటు. ఖర్చు పిల్లలది. నా వాటా ఇన్సూరెన్సు, మందులు, భయం.

ముందు ఆ దీవులు ఎక్కడున్నాయో చెప్పాలి. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ అనే దేశం ఉంది. దాని తీరానికి పడమటగా పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 1000 కిలోమీటర్ల దూరాన, భూమధ్యరేఖ మీద, అగ్నిపర్వతాలు పుట్టించిన దీవుల గుంపు ఇది. 1832లో ఈక్వెడార్ వీటిని తనలో కలుపుకుంది. 1835 సెప్టెంబరులో చార్లెస్ డార్విన్ అనే 26 ఏళ్ళ కుర్రవాడు బీగిల్ అనే ఓడలో వచ్చి ఐదు వారాలు తిరిగాడు. అక్కడి పక్షులూ తాబేళ్ళూ ఒక్కో దీవిలో ఒక్కో తీరుగా ఉండడం అతని ఆలోచనకు బీజం వేసింది. ఆ ఆలోచన 1859లో పుస్తకమై లోకాన్ని కదిలించింది. సరిగ్గా నూరేళ్ళకు, 1959లో, ఈక్వెడార్ ప్రభుత్వం ఆ దీవులను జాతీయ పార్కు చేసింది. 1978లో యునెస్కో తన ప్రపంచ వారసత్వ జాబితాలో మొట్టమొదట చేర్చిన స్థలాల్లో ఇదొకటి.

అక్కడి జంతువులకు మనిషంటే భయం లేదట. సముద్రంలో ఈది నాచు తిని, ఒంట్లోని ఉప్పును ముక్కులోంచి చీదే ఉడుములు, నీలిరంగు కాళ్ళ పక్షులు, ఎగరడం మరచిపోయిన నీటికాకులు, భూమధ్యరేఖ దగ్గరే కాపురముండే పెంగ్విన్లు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద ఆకర్షణ తాబేళ్ళు. రెండు క్వింటాళ్ళు దాటి తూగేవి, నూరేళ్ళు దాటి బ్రతికేవి. మన ప్రభుత్వం వాటికి వయసును బట్టి అదనపు క్వాంటం పెన్షన్ ఇవ్వవలసి వస్తే ట్రెజరీ ఏమైపోతుందో ఆలోచించండి!

నవ్వులకేం గాని, ఆ తాబేళ్ళ కథలో ఒక పెన్షనరు ఉన్నాడు. ఎస్పానోలా అనే దీవిలో నావికులు తాబేళ్ళను పట్టి తిని, వదిలిన మేకలు గడ్డంతా మేసేసి, చివరకు 14 తాబేళ్ళు మిగిలాయి. పన్నెండు ఆడవి, రెండు మగవి. వాటిని సంతానం కోసం కేంద్రానికి తెచ్చారు. అమెరికాలోని శాన్ డియెగో జంతుప్రదర్శనశాలలో అదే జాతి మగ తాబేలు ఒకటి ఉంటే దాన్నీ 1970లలో రప్పించారు. దాని పేరు డియెగో. అది నలభై ఏళ్ళకు పైగా డ్యూటీ చేసి, 2020 జూన్‌లో నూరేళ్ళు పైబడిన వయసులో సొంత దీవికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ దీవిలో రెండువేల పైచిలుకు తాబేళ్ళున్నాయి. పింటా దీవికి ఆ భాగ్యం లేకపోయింది. ఆ జాతిలో ఆఖరుది, జార్జి అని పిలిచేవారు, 2012 జూన్ 24న తోడు లేకుండానే పోయింది. సంగతి విని మా ఆవిడ, "శ్రీకూర్మం గుడిలో తాబేళ్ళకు దణ్ణం పెట్టి వచ్చాం. వీటికీ పెట్టి వద్దాం" అంది. మా ఇంట్లో ఈ ప్రయాణానికి మంజూరు ఆ విధంగా వచ్చింది.

ఇక ఏర్పాట్ల సంగతి. ఆ దీవుల్లో నేలలో నూటికి 97 వంతులు పార్కే. అక్కడ మన ఇష్టానికి తిరగడం కుదరదు. పార్కు అనుమతి పొందిన గైడు వెంట ఉండాలి. ఒక గైడుకు 16 మందికి మించకూడదు. గుర్తుపెట్టిన దారి దాటకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఆగాలి. తిండి పెట్టకూడదు, ముట్టుకోకూడదు, ఫ్లాష్ వేసి ఫోటో తీయకూడదు. అందుకే చాలామంది ఓడలోనే బస చేసి బృందంగా తిరుగుతారు. ఓడ ఎక్కువగా రాత్రిళ్ళు ప్రయాణిస్తుంది. పగలు ఒక దీవి దగ్గర లంగరు వేస్తారు. అక్కడినుంచి పంగా అనే చిన్న రబ్బరు పడవలో ఒడ్డుకు చేరుస్తారు. రాతి గట్టు మీదికి అడుగుపెడితే పొడి దిగుడు. మోకాటిలోతు నీళ్ళలోకి దిగి ఇసుక మీదికి నడిస్తే తడి దిగుడు. విదేశీయులకు పార్కు ప్రవేశ రుసుము ఇదివరకు నూరు డాలర్లుండేది. 2024 ఆగస్టు 1 నుంచి రెండువందలు చేశారు.

ఓడలు రకరకాలు. పదహారు మందిని ఎక్కించుకునే చిన్నవి మొదలుకొని నూరు మంది దాకా పట్టేవి ఉన్నాయి. నూరుకు మించకూడదని నిబంధన. మనవడు చిన్న ఓడ కావాలన్నాడు. నేను పెద్దదే కావాలన్నాను. కారణాలు రెండు. పెద్ద ఓడ తక్కువ ఊగుతుంది. రెండోది, మేము ఎంచుకున్న దాంట్లో డాక్టరు ఉంటారు. నెల కూడా అలాగే చూసుకున్నాం. జనవరి నుంచి మే దాకా అక్కడ వేడి కాలం. అప్పుడప్పుడు వాన పడుతుంది గాని సముద్రం నెమ్మదిగా ఉంటుంది. జూన్ తరువాత చల్లటి ప్రవాహం వచ్చి మంచుతెర కమ్ముతుంది, అలలు పెరుగుతాయి. వయసు మళ్ళినవారికి మొదటి కాలమే మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ ప్రసంగం ఒప్పుకున్నది దీనికోసమే.

సొమ్ము కట్టేముందు ఓడ కంపెనీవారు ఒక ఆరోగ్య ప్రకటన ఫారం పంపారు. నాలుగు పేజీలు. దాంట్లో, గుండె జబ్బు ఉన్నదా, ఉంటే చికిత్స వివరాలు తెలుపండి అని ఒక గడి. 2021లో నాకు గుండెలో ఒక స్టెంటు వేశారు. మీలో చాలామందికి తెలుసు, వచ్చి పరామర్శించారు కూడా. అల్లుడు ఫోన్ చేసి, "మామయ్యగారూ, మీరు రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. ఉంది అని రాస్తే వాళ్ళు వద్దనొచ్చు, ఇన్సూరెన్సు ప్రీమియం కూడా పెరుగుతుంది. ఆ గడిలో లేదు అని పెట్టేద్దాం" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. మమ్మల్ని తీసుకువెళ్ళాలన్న ఆత్రం.

ఆ రాత్రి ఫారం టేబులు మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మీకు ఇంతవరకు చెప్పని ఒక సంగతి గుర్తొచ్చింది. 2003లో నా సెక్షన్ మిత్రుడొకాయన బీమా పాలసీ తీసుకున్నాడు. పేరు అనవసరం. ఆయనకు షుగరుంది, ఒకసారి ఛాతీ నొప్పి వచ్చి ఆస్పత్రిలో ఉన్నాడు. నా దస్తూరి బాగుంటుందని ఫారం నాచేత నింపించాడు. ఆ గడి వచ్చినప్పుడు, "లేదు అని రాసెయ్యి గురూ, ఎవడు చూస్తాడు" అన్నాడు. నేను రాశాను. ఏడాదిన్నరకు ఆయన పోయాడు. ఆస్పత్రి కాగితాలు బయటికి వచ్చాయి. క్లెయిము రాలేదు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం మా సెక్షన్‌కు వచ్చినప్పుడు ఆ ఫారం జిరాక్సు నా బల్ల మీద పెట్టి, "ఇది మా ఆయన రాత కాదు అన్నయ్యగారూ, ఎవరిదో తెలుసా?" అని అడిగింది. ఆవిడ అమాయకంగా అడిగింది. నేను తెలియదన్నాను. అయ్యా, 35 ఏళ్ళ సర్వీసులో నేను రాసిన తప్పుడు ఎంట్రీ అదొక్కటే. చెప్పిన అబద్ధం కూడా. ఆవిడ తరువాత చాలా కష్టపడి పిల్లలను పైకి తెచ్చింది. నేను నిజం చెప్పేనాటికి ఆవిడ లేదు. వాళ్ళ పెద్దబ్బాయికి చెప్పాను. అతను చాలాసేపు ఊరుకుని, "నాన్నగారే రాయమని ఉంటారు లెండి" అన్నాడు. ఆ మాటతో బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు.

మా ఆవిడను లేపి అడిగాను. "ఉన్నది రాయండి. వద్దంటే మానేద్దాం, హోప్ ఐలాండుకు వెళ్ళొద్దాం" అంది. ఉంది అని రాశాను. స్టెంటు వేసిన తేదీ, వేసుకునే మందుల పేర్లు, మోతాదులు అన్నీ రాసి సంతకం పెట్టాను.

ఏమైందంటారా? వాళ్ళు వద్దనలేదు. గుండె డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం కావాలన్నారు. మన కాకినాడలో చూపించుకునే డాక్టరుగారి దగ్గరకే వెళ్ళాను. ఆయన ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎకో తీయించి, వెళ్ళవచ్చు గాని నాలుగు షరతులు అన్నారు. ఒకటి, ముక్కుగొట్టం పెట్టుకుని సముద్రంలో ఈదడం వద్దు. రెండు, బరువులు మోయవద్దు. మూడు, బృందం వేగంతో పోటీపడవద్దు, ఆయాసం వస్తే ఆగిపోవాలి. నాలుగోది మాకు తట్టనే లేదు. ఈక్వెడార్‌లో దిగి దీవులకు విమానం మారే ఊళ్ళు రెండు. క్విటో సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉంది. గ్వాయాకిల్ తీరప్రాంతపు ఊరు. మా టిక్కెట్లు క్విటో మీదుగా తీయబోతున్నారు. అంత ఎత్తులో గాలి పలచన, మీకెందుకా శ్రమ అన్నారాయన. టిక్కెట్లు గ్వాయాకిల్ మీదుగా మార్చారు. ఆ గడిలో లేదు అని రాసి ఉంటే ఈ డాక్టరుగారి దగ్గరకు నేను వెళ్ళేవాణ్ణి కాదు. ఇది మీరందరూ గమనించాలి.

ఇన్సూరెన్సు ప్రీమియం పెరిగిన మాట నిజమే. పాత జబ్బుకు కూడా వర్తించేది, అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు ఇచ్చేది తీసుకున్నాను. ఆ దీవుల్లో ఆస్పత్రులు చిన్నవి. పెద్ద కష్టం వస్తే ప్రధాన భూభాగానికి తరలించవలసిందే. అల్లుడికి మొత్తం కథ చెప్పాను. "ముందే చెప్పుంటే నేను అలా అనేవాణ్ణి కాదు మామయ్యగారూ" అన్నాడు. చెప్పడానికి నాకే ఇరవై ఏళ్ళు పట్టింది మరి.

రెండో ముఖ్య విషయం ఎల్లో ఫీవర్. ఇది మాకు ట్రావెల్ ఏజెంటు చెప్పలేదు, నేనే నిబంధనలు చదువుతుంటే కనిపించింది. మన దేశం ఆ జ్వరం ఉన్న దేశాల జాబితా ఒకటి పాటిస్తుంది. దాంట్లో ఈక్వెడార్ ఉంది. ఆ దేశంనుంచి ఆరు రోజుల లోపు మన దేశానికి వచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే విమానాశ్రయంలో ఆపి విడిగా ఉంచవచ్చు. టీకా వేయించుకుందామంటే, 60 దాటినవారికి దానివల్ల తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. కాబట్టి డాక్టరే నిర్ణయించాలి. మా డాక్టరుగారు అవసరం లేకుండా వద్దన్నారు. అందువల్ల ఓడ దిగాక మేము అమ్మాయి ఇంట్లో మూడు వారాలుండి, ఆ తరువాతే ఇండియా వస్తున్నాం. ఇటువంటి నిబంధనలు, వీసా షరతులు మారుతూ ఉంటాయి. పక్కింటాయన చెప్పింది కాదు, ప్రభుత్వం ఆ రోజు ఏం చెబుతోందో చూసుకోవాలి.

మూడో విషయం మా ఆవిడ. ఆవిడకు పడవంటే భయం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగిపోయిన రోజు మీకందరికీ గుర్తే. ఆ కార్తీకంలో మేము పాపికొండలు వెళ్ళాలనుకుని మానుకున్నాం. అప్పటినుంచి ఆవిడ పడవ ఎక్కలేదు. పైగా కుడి మోకాలు నొప్పి. తడి దిగుడు ఎలా అని బెంగ.

మూడు నెలలు సాధన చేశాం. మొదటి నెల మెట్లు. మా మేడ మెట్లు రోజుకు రెండుసార్లు, కడపటి మెట్టు మీద బరువు నిలిపి దిగడం. రెండో నెల ఇసుక మీద నడక. బీచిలో చెప్పులు విప్పి పావుగంటతో మొదలుపెట్టి ముప్పావుగంట దాకా. మూడో నెల కోరంగి వెళ్ళి మడ అడవుల్లో తిప్పే బోటు ఎక్కాం. లైఫ్ జాకెట్టు బిగించేవరకు ఆవిడ అడుగు వేయలేదు. బోటతను "పర్లేదమ్మా, అందరూ ఎక్కాక ఇస్తాను" అంటే, "ముందు ఇవ్వు నాయనా, తరువాతే ఎక్కుతాను" అంది. నేను కాస్త సిగ్గుపడ్డాను. తరువాత ఆలోచిస్తే ఆవిడదే రైటు.

ఓడవారు పంపిన పుస్తకంలో ఒక కిటుకు ఉంది. పడవ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెయ్యి చెయ్యి పట్టుకోకూడదట, తడికి జారిపోతుంది. మన మణికట్టు పైన వాళ్ళు, వాళ్ళ మణికట్టు పైన మనం పట్టుకోవాలి. ఒకరి పట్టు వదిలినా ఇంకొకరి పట్టు ఉంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సామాను వీపు సంచిలో ఉండాలి. మేమిద్దరం వంటింటి గడప దగ్గర ఈ పట్టు సాధన చేస్తుంటే పనమ్మాయి చూసి, కొట్టుకుంటున్నామనుకుని కంగారు పడింది.

ఇక సామాను. ఆ దీవుల్లోకి బయటి విత్తనం, పురుగు చేరకూడదని పెట్టెలు తనిఖీ చేస్తారు. మేకలూ ఎలుకలూ చేసిన నష్టం చూశారు గనుక వాళ్ళకు ఆ జాగ్రత్త. పండ్లు, విత్తనాలు, మొక్కలు పనికిరావు. బూట్ల అడుగున మట్టి లేకుండా కడుక్కోవాలి. మా ఆవిడ రహస్యంగా చింతపండు, కరివేపాకు, ఆవకాయ సీసా సర్దింది. పెద్ద చర్చ జరిగింది. అనుమానమున్న ఏ వస్తువూ దీవులకు తీసుకుపోవద్దని, ఆవకాయ అమ్మాయి ఇంట్లోనే ఆగిపోవాలని రాజీ కుదిరింది. శాకాహారమని ఓడవారికి ముందే రాసి పంపాం.

మందులు రెండు భాగాలు చేసి రెండు చేతిసంచుల్లో పెట్టాం. ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. ప్రయాణం రోజులకు మించి పది రోజులవి అదనం. చీటీ మీద కంపెనీ పేరే కాకుండా మందు అసలు పేరు రాయించుకున్నాం. అక్కడి గడియారం మన గడియారం కన్నా పదకొండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8 అయితే వాళ్ళకు అదే రోజు ఉదయం 8.30. కాబట్టి మాత్రలు ఏ వేళకు మార్చుకోవాలో డాక్టరుగారిచేత పట్టిక వేయించుకున్నాను. వాంతుల మాత్ర కూడా ఆయన్ను అడిగే. గుండె మందులు వాడేవారు దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు. ఓడలో గది మధ్యభాగంలో, కింది అంతస్తులో అడిగాం. అక్కడ ఊపు తక్కువ.

ఇంటి కాగితాలు ఆఖరున. ఈ ఏడాది లైఫ్ సర్టిఫికేటు ముందే ఇచ్చేశాను. మా ఆవిడ పేరు, పుట్టిన తేదీ నా పెన్షన్ కాగితాల్లో, ఆధార్‌లో, బ్యాంకులో ఒకేలా ఉన్నాయో లేదో సరిచూశాను. ఒకచోట ఇంటిపేరులో అక్షరం తేడా ఉంది. దిద్దించాను. పాస్‌బుక్కు, పి.పి.ఓ., పాలసీలు, ఎవరికి ఏమివ్వాలి, ఎవరు ఏమివ్వాలి అన్నీ ఒక ఫైలులో పెట్టి, పైన విషయసూచిక రాసి, మా తమ్ముడికి చూపించాను. "అపశకునం మాటలు ఎందుకన్నయ్యా" అన్నాడు. చార్జి అప్పగించకుండా సెలవు మీద వెళ్ళకూడదు, అది సర్వీసు మర్యాద అన్నాను. మీరు ఏ దీవికీ వెళ్ళకపోయినా ఈ ఫైలు మాత్రం తయారు చేసుకోండి.

చివరిగా ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఆ దీవుల్లో ఫ్లోరియానా అనే చోట ఒక పీపా ఉంది. పూర్వం తిమింగలాల వేటకు వచ్చిన నావికులు దాంట్లో ఉత్తరాలు వేసేవారు. స్వదేశానికి వెళ్ళే ఓడ ఏదైనా వస్తే, వాళ్ళు తమ దారిలోవి ఏరుకుని తీసుకుపోయేవారు. ఇప్పటికీ ఆ ఆచారం ఉంది. స్టాంపు లేదు, సీలు లేదు. మనం ఒక కార్డు వేసి, ఉన్నవాటిలో మన ఊరి చుట్టుపక్కల చిరునామా ఏదైనా ఉంటే తెచ్చి స్వయంగా ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. మా కార్యక్రమంలో ఆ దీవి ఉంది. జీవితమంతా తపాల్ సెక్షన్‌లో కూర్చున్నవాణ్ణి, ఆ పీపా చూడకుండా ఎలా ఉంటాను?

మీలో ఎవరికైనా ఇష్టముంటే ఒక కార్డు రాసి ఇవ్వండి, వేస్తాను. ఎప్పుడు చేరుతుందో చెప్పలేను. అక్కడ మన జిల్లా చిరునామాతో కార్డు ఏదైనా కనిపిస్తే అవుట్‌వర్డు నంబరు వేసి తెచ్చి, గుమ్మం ముందు నిలబడి అందజేస్తాను. నేను కూడా ఒక కార్డు రాసి పెట్టుకున్నాను, మా సెక్షన్ మిత్రుడి పెద్దబ్బాయి పేర. ఆ ఫారం మీది దస్తూరితోనే. దాంట్లో, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాశాను నాయనా అని మాత్రం ఉంది.